ఎప్పుడూ లేని కాఫీ డబ్బా

డెట్రాయిట్
1998 సెప్టెంబరు 14

ఇర్మా అక్కకి,

1996 నవంబరు 20, బుధవారం ఉదయం 10 గంటల 52 నిమిషాలకు ఆల్డర్ ఫాల్స్ హైస్కూలు వడ్రంగం గదిలో మొదటి తూటా పేలింది.

ఇదీ నా పుస్తకం మొదటి వాక్యం. ఒక్క విశేషణం లేదు. రెండో వాక్యంలో చనిపోయిన ఇద్దరు: వడ్రంగం మాస్టారు లియోన్ డ్యూప్రే, తొమ్మిదో తరగతి అమ్మాయి కారిన్ హైకినెన్. మూడో వాక్యంలో కాల్చినవాడు: డారిల్ సాల్మి, పదహారేళ్ళు. రెండేళ్ళు తిరిగాను. నూట నలభై మందితో మాట్లాడాను. ప్రూఫులు పార్సెల్లో వేరేగా పంపుతున్నాను. దిద్దుబాట్లకి అక్టోబరు 30 ఆఖరు.

ఆ రోజు గురించి నిన్ను ఏమీ అడగను. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆఫీసు కౌంటరు వెనక కూర్చున్నదానివి, ఆ రోజూ అక్కడే ఉన్నదానివి. మాట్లాడటం ఇష్టం లేదని ఫోను కూడా పీకించేశావు. దాన్ని నేను గౌరవిస్తాను. ఊరి సంగతులు మాత్రం సరిచూడు. ఎవరి పేరు ఎలా రాయాలి, అంత్యక్రియల నాడు యాలకుల రొట్టెలు ఎన్ని చేశారు, అలాంటివి.

మూడో అధ్యాయం నీకు నచ్చుతుంది. జింకల వేట రోజుల్లో కుర్రాళ్ళు తెల్లవారుజామున అడవికెళ్ళి అట్నుంచే బడికొచ్చేవాళ్ళు కదా. తుపాకీ ట్రక్కులో వదిలి, తూటాని పేల్చే బోల్టు ఊడదీసి ఆఫీసులో కాఫీ డబ్బాలో వెయ్యమని ఇచ్చి, సాయంత్రం తీసుకునేవాళ్ళు. బోల్టు లేని తుపాకీ వట్టి ఇనప గొట్టం. 1965లో నా బోల్టూ ఆ కాఫీ డబ్బాలోనే పడుండేది. చట్టం మారాక 1990లో ఆ పద్ధతి ఆపేశామని ప్రిన్సిపాల్ డేల్ హార్లో నాకు సంతకం చేసి ఇచ్చాడు.

నాలుగో అధ్యాయం డారిల్ తండ్రి ఆర్వో మీద. పూర్తి తుపాకీని, బోల్టుతో సహా, కొడుకు చేతికిచ్చి బడికి పంపిన మనిషి. అందులో ఊరి సంగతులేమీ లేవు, చదవకపోయినా ఫరవాలేదు.

చలి మొదలయ్యే ముందు కట్టెలు వేయించుకో.

నీ తమ్ముడు
గ్లెన్


ఆల్డర్ ఫాల్స్
సెప్టెంబరు 22

ఒరేయ్ గ్లెన్,

ప్రూఫులు అందాయి. పోస్టాఫీసులో మార్తా పార్సెల్ని చేత్తో తూచి, "పుస్తకమా ఇర్మా? అందులో మేమందరం ఉన్నామా?" అంది. ఉన్నారన్నాను. "నేను లావుగా ఉన్నానా?" అంది.

రాత్రుళ్ళు గడ్డి మీద మంచు పడుతోంది. టమాటాలు పచ్చివే కోసేశాను. చర్చి బాయిలరు మళ్ళీ చచ్చిపోయింది. పాస్టరు గారు ఓవర్‌కోటు వేసుకుని ప్రసంగిస్తున్నారు. చలికి ప్రసంగం పొట్టిదైంది కాబట్టి బాయిలరు బాగుచేయించాలని ఎవరికీ తొందర లేదు. కట్టెలు జూన్‌లోనే వేయించాను. నీలా వంతెన దాటి కింద డెట్రాయిట్‌కి వెళ్ళిపోయినవాళ్ళే సెప్టెంబరులో కట్టెల గురించి ఆలోచిస్తారు.

దిద్దుబాట్లు. రొట్టెలు నలభై కాదు, అరవై రెండు. నేనే లెక్కపెట్టాను. పన్నెండో పేజీలో "ఒకరినొకరు ఎరిగిన ప్రశాంతమైన చిన్న ఊరు" అన్నావు. విశేషణం లేదన్నావు కదరా, ఇక్కడే మూడున్నాయి. రంపం మిల్లు పొద్దున ఆరింటికి మొదలవుతుంది, ప్రశాంతం ఎక్కడుంది? ఒకరినొకరు ఎరగడం మాట కూడా ఇప్పుడు నేనైతే రాయను.

చదవకపోయినా ఫరవాలేదన్న నాలుగో అధ్యాయాన్నే రెండుసార్లు చదివాను. నా కోసమే అలా రాశావని తెలుసు. నేను నిన్ను అడగలేదు. మిగతాది నాకొదిలెయ్ అన్నావు, వదిలేశాను, రెండేళ్ళు నోరు మూసుకున్నాను. అది ఇందుకా? ఆర్వోని నువ్వు ఎన్నిసార్లు కలిశావు? చర్చిలో అతని బెంచీ మీద ఇంకెవరూ కూర్చోరు. పడవల మోటార్లు బాగుచేసి బతికేవాడు. ఇప్పుడు ఈ ఊళ్ళో మోటార్లు చెడిపోవడమే మానేశాయి. దీని మీద నీ పుస్తకం కూడానా? ఆ అధ్యాయం మార్చు. అక్టోబరు 30 దాకా టైముందన్నావుగా.

ఇర్మా


డెట్రాయిట్
సెప్టెంబరు 29

అక్కా,

రొట్టెలు అరవై రెండని మార్చాను. "ప్రశాంతమైన" తీసేశాను. థాంక్స్.

ఆర్వో మీద నీకు జాలి ఉండటం సహజం. ఆదివారాలు ఒకే చర్చికి వెళ్తారు. కానీ ఈ పుస్తకంలో నేను ఎవరి కోసమూ ఏమీ రాయలేదు. నీ కోసం రాసింది 311వ పేజీలో కృతజ్ఞతల్లో ఉంది, నువ్వు పంపిన యాపిల్ జాము గురించి.

ఆర్వో సంగతికి మూడు ఆధారాలున్నాయి. పోలీసు నివేదిక 41వ పేజీ. స్కూలు బోర్డు నివేదిక. హార్లో సంతకం చేసిన కాగితం. ఆ రోజు ఆఫీసులో ఎవరూ బోల్టు ఇవ్వలేదు, ఎవరూ తీసుకోలేదు అని మూడూ చెబుతున్నాయి. కాబట్టి బోల్టు తుపాకీలోనే ఇంటి నుంచి వచ్చింది. ఆర్వోని నేను నాలుగు గంటలు కూర్చోబెట్టి అడిగాను. "పొద్దున వాడు బోల్టు ఊడదీసి కోటు జేబులో వేసుకోవడం నా కళ్ళతో చూశాను. ఎప్పుడూ ఆఫీసులోనే ఇస్తారు," అన్నాడు. అదీ రాశాను, 88వ పేజీలో. ఒక తండ్రి అలా అనడం ఎవరికైనా అర్థమవుతుంది. డారిల్ నేరం ఒప్పుకున్నాడు కాబట్టి కోర్టులో విచారణే జరగలేదు, ఎవరూ బోనెక్కలేదు. అందుకే కాగితాల మీద ఆధారపడాలి. మనుషుల జ్ఞాపకం కంటే కాగితం నయం. ముప్ఫై ఏళ్ళలో నేను నేర్చుకున్నది అదొక్కటే.

వాస్తవాలు సరిచూడటానికి ప్రిసిల్లా అనే అమ్మాయిని పెట్టాను. నీకు ఫోను లేదని ప్రశ్నలు పోస్టులో పంపుతుంది. ఊరి సంగతులే. ఓపిగ్గా జవాబివ్వు.

గ్లెన్


ఆల్డర్ ఫాల్స్
అక్టోబరు 6

గ్లెన్,

మూడు ఆధారాలన్నావు. బోర్డువాళ్ళు హార్లోని అడిగారు. పోలీసులు హార్లోని అడిగారు. నువ్వూ హార్లోనే అడిగావు. ఒక మనిషి మూడు కుర్చీల్లో కూర్చుంటే ముగ్గురవుతాడా?

ఇది నీకూ నాకూ మధ్య ఉత్తరం. ఇందులో కూడా నటించాలా? ఎవరు చదువుతారని? మార్తా కవర్లు తూస్తుంది కానీ విప్పదు.

ఆ నవంబరు అయిపోయిన మర్నాడు కూర్చుని నీకు ఆరు పేజీలు రాశాను. ఉన్నదున్నట్టు రాశాను. ఇంకెవరికీ చెప్పలేక నీకు రాశాను. నీ జవాబు బైబిలులో పెట్టుకున్నాను, ఇప్పుడు నా ముందే ఉంది: "అక్కా, నీ ఉత్తరం అందింది. నీ ధైర్యం గొప్పది. ఇక విశ్రాంతి తీసుకో. మిగతాది నాకొదిలెయ్." తారీకు 1996 డిసెంబరు 9. అది చదివాక మొదటిసారి నిద్రపట్టింది. తమ్ముడు పత్రికలవాడు, ఎప్పుడు ఎలా చెప్పాలో వాడికి తెలుసు, పుస్తకంలో చెబుతాడు అనుకున్నాను. రెండేళ్ళు ఎదురుచూశాను. ప్రూఫులు విప్పి చూస్తే నన్ను దాచి ఆర్వోని ముందు నిలబెట్టావు. అక్క మీద ప్రేమతోనే చేసుంటావు. నాకు అలాంటి ప్రేమ వద్దు.

ప్రిసిల్లా ప్రశ్నలు వచ్చాయి. ముప్ఫై ఒకటి. మంచి పిల్లలా ఉంది. పదిహేడో ప్రశ్న: "1990 తర్వాత బోల్టుల డబ్బా స్కూల్లో లేదు. ఇది నిజమేనా?" దాని ఎదురుగా "కాదు" అని రాసి పంపాను. రాసిందంతా నిజమేనని సంతకం పెట్టడానికి కింద గీత ఉంది.

ఇర్మా


డెట్రాయిట్
అక్టోబరు 13

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నా బల్ల సొరుగులన్నీ బోర్లించాను. 1996 కవరు దొరికింది. మొదటి పేజీ బయటికి మడిచి ఉంది. అందులో పద్నాలుగు అంగుళాల మంచు, చర్చి మెట్లమీద జారిపడ్డ ఎవరో ఆవిడ, ఆవిరి స్నానాల గది పొయ్యి గొట్టం గురించి ఉంది. మిగతా అయిదు పేజీల మడత విప్పనే లేదు.

అప్పుడు నేను రోజుకి రెండు వార్తలు పంపుతున్నాను. నీ ఉత్తరాల్లో మొదటి పేజీ ఎప్పుడూ వాతావరణమే. చదివాననుకుని జవాబు రాశాను. నా జవాబులో ధైర్యమంటే ఆ రోజు పిల్లల్ని ఆఫీసులోకి లాక్కుని తలుపు వేశావని పేపర్లో వచ్చింది కదా, అది. మిగతాది అంటే వార్తలు రాయడం.

నాలుగో పేజీ ఇప్పుడు చదివాను. నీ మాటలే ఇక్కడ దించుతున్నాను, సరిగ్గా చదివానో లేదో చూడు.

"పదిన్నర దాటి ఒక నిమిషం. డారిల్ కౌంటరు మీద చీటీ పెట్టాడు. 'మా నాన్న జింకని కొట్టాడు మేడమ్. అడవిలోంచి ఈడ్చడానికి రమ్మన్నాడు,' అన్నాడు. చీటీ చూశాను. అక్షరాలన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. 'మీ నాన్నకి ఎడంచేతి వాటం ఎప్పట్నుంచి వచ్చిందిరా?' అన్నాను. చెవుల దాకా ఎర్రబడ్డాడు. నవ్వేశాను. వేట రోజుల్లో ప్రతి కుర్రాడూ ఒక దొంగ చీటీ తెస్తాడు, ఏడాదికొకటి నేను చూడనట్టు ఊరుకుంటాను. డబ్బాలో ఆ రోజు పద్దెనిమిది బోల్టులున్నాయి. వాడి పేరు రాసి కట్టింది తీసి ఇచ్చాను. 'జింక పెద్దదైతే నాకో ముక్క పంపు,' అన్నాను. 'అలాగే మేడమ్,' అన్నాడు. సాయంత్రం పోలీసులు, బోర్డు లాయర్లు వచ్చేలోపు హార్లో ఆ డబ్బాని సంచిలో పెట్టుకుంటూ, 'ఇర్మా, ఈ డబ్బా ఎప్పుడూ లేదు,' అన్నాడు. పోలీసాయన నన్ను ఒక్కటే అడిగాడు, తుపాకీ ఆఫీసులోకి వచ్చిందా అని. రాలేదు అన్నాను. అది నిజమే కదా."

అక్కా, ఇది చాలా జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. మనిషి గుర్తుపెట్టుకున్నదీ జరిగిందీ ఒకటి కాకపోవచ్చు. అంత ఘోరం జరిగాక తప్పంతా మన మీద వేసుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, నేను ఇంటర్వ్యూ చేసినవాళ్ళలోనే పదకొండు మంది. దీనికి కాగితం ఏదీ లేదు. నీ పెన్షను సంగతుంది, కేసులు పెడితే ఆ సంగతుంది. హార్లో ఇప్పుడు జిల్లా మొత్తానికి సూపరింటెండెంటు. ఒక్క వాక్యం మారుస్తాను: తండ్రి పంపాడు అని కాకుండా, "బోల్టు ఎలా వచ్చిందో తెలియరాలేదు" అని. ఆర్వోకి అది చాలు. ప్రిసిల్లా కాగితాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టమన్నాను.

గ్లెన్


ఆల్డర్ ఫాల్స్
అక్టోబరు 19

తమ్ముడూ,

"తెలియరాలేదు" అంటే ఎవరికిరా? నాకు తెలుసు. హార్లోకి తెలుసు. నీకు మొన్న మంగళవారం నుంచి తెలుసు. ఆ రోజు బోల్టులు ఇచ్చిన మిగతా పదిహేడు మంది పిల్లలకి తెలుసు, వాళ్ళ తల్లిదండ్రులకి తెలుసు. అందరూ మంచివాళ్ళే, స్కూలు పరువు కాపాడుతున్నారు. తెలియనివాడు ఆర్వో ఒక్కడే.

కాగితం లేదన్నావు. చీటీ నా స్వెట్టరు జేబులో ఉండిపోయింది. లైబ్రరీలో రెండు కాపీలు తీయించాను. ఒకటి దీనిలో ఉంది. రెండోది ప్రిసిల్లాకి పంపాను. పక్కన పెట్టిన కాగితం మీద ఇది పెట్టుకోమని చెప్పు. అసలుది శుక్రవారం జిల్లా ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంటాను. నా ఉత్తరం మొదటి పేజీలో వాతావరణం ఎందుకు రాస్తానో చెప్పనా? ముఖ్యమైన మాట చెప్పే ముందు కొంచెం ఊపిరి తీసుకుంటాను. ఇక మీదట తీసుకోను.

నిన్న చర్చి అయ్యాక ఆర్వో ఇంటికి వెళ్ళాను. చేతిలో రొట్టె కూడా లేదు. రొట్టెతో వెళ్తే క్షమాపణ కొనుక్కోవడానికి వచ్చినట్టుంటుంది. మోటారేదో విప్పుకుని కూర్చున్నాడు, తనదే.

"దారి తప్పావా ఇర్మా?" అన్నాడు.

"తప్పలేదు. బోల్టు నేనిచ్చాను ఆర్వో. ఆ పొద్దున నీ కొడుకు నాకిచ్చాడు, పదిన్నరకి తిరిగిచ్చేశాను."

చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"జేబులో వేసుకున్నాడు కదూ," అన్నాడు.

"వేసుకున్నాడు. నువ్వు చూసింది నిజమే."

"రెండేళ్ళ నుంచి అందరూ నేనే పెట్టి ఇచ్చానంటున్నారు. ఈ మధ్య నాకూ అలాగే గుర్తొస్తోంది. నా చేత్తో పెట్టినట్టు, చప్పుడు కూడా విన్నట్టు." గుడ్డ పక్కన పడేసి, "జైలుకెళ్ళినప్పుడల్లా వాణ్ణి అడుగుతాను. వాడు బల్ల కేసి చూస్తాడు. నీ పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు," అన్నాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"నన్నడుగుతావేం. నువ్వు వాడికి ఎప్పుడైనా కోపం వచ్చేలా చేశావా?"

"లేదు."

"మరి అదే అయ్యుండొచ్చు."

కాఫీ ఇస్తానన్నాడు. తాగాను. కప్పు కడిగి వచ్చేశాను.

నాలుగో అధ్యాయం మొత్తం తీసెయ్.

ఇర్మా


డెట్రాయిట్
అక్టోబరు 27

అక్కా,

తీసేశాను. నవంబరులో మొదలవ్వాల్సిన అచ్చు ఆగిపోయింది. పుస్తకం ఇక ఏప్రిల్‌కే.

ఎడిటరు బార్బరాకి ఫోనులో చెప్పాను. ఒప్పందం రద్దంటుందనుకున్నాను. మొత్తం విని, "గ్లెన్, ఇన్నాళ్ళూ ఈ పుస్తకానికి లేనిదల్లా ఇదే," అంది. అట్ట మీద కాఫీ డబ్బా బొమ్మ కావాలంది. ఆ డబ్బా ఎప్పుడూ లేదని అధికారులు రాసిచ్చారన్నాను. "అయితే మరీ మంచిది," అంది. లాయరు మాత్రం సంతోషించలేదు, ఆయన జీతం అందుకే.

మొదటి వాక్యం మార్చాను. "1996 నవంబరు 20 ఉదయం 10 గంటల 31 నిమిషాలకు ఆల్డర్ ఫాల్స్ హైస్కూలు సెక్రటరీ, ఈ రచయిత అక్క, ఇర్మా లాహ్టి ఒక విద్యార్థికి తుపాకీ బోల్టు తిరిగిచ్చింది." ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. నూట నలభై మందిని అడిగాను. నూట నలభై ఒకటో మనిషి మాట నా సొరుగులోనే ఉంది. అదీ రాస్తున్నాను, ముందుమాటలో. అలా రాస్తే నిజాయితీగల రచయిత అని మెచ్చుకుంటారని బార్బరా అంది. అప్పట్నుంచి ఆ పేరా చూడాలంటే వెగటుగా ఉంది.

నిన్ను టేపు పెట్టి పద్ధతిగా ఇంటర్వ్యూ చేయాలి. లాయరు వెంట ఉండాలి. నవంబరు రెండో వారంలో వస్తాను. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడకు.

గ్లెన్


ఆల్డర్ ఫాల్స్
నవంబరు 4

గ్లెన్,

మాట్లాడొద్దన్న నీ ఉత్తరం శనివారం వచ్చింది. అప్పటికే మాట్లాడేశాను.

కారిన్ తల్లి సిల్వియా దగ్గరికి వెళ్ళాను. ప్రాసిక్యూటర్ నోటి నుంచి వినడం కంటే నా నోటి నుంచి వినాలి. గుమ్మంలోనే నిలబడి మొత్తం వింది. "ముక్క పంపమన్నావా?" అంది. అవునన్నాను. తలుపు వేసుకుంది. నేను మెట్ల మీద కొంచెంసేపు నిలబడి వచ్చేశాను. డ్యూప్రే భార్య ఊళ్ళో లేదు, విస్కాన్సిన్‌కి ఉత్తరం రాశాను. మొదటి వాక్యంలోనే చెప్పాను.

హార్లో వచ్చాడు, కుండీతో సహా పువ్వు ఒకటి పట్టుకుని. "నువ్వు బాగా అలసిపోయావు ఇర్మా. ఇన్ని సంవత్సరాల సర్వీసు. బోర్డు నీ పట్ల ఎప్పుడూ మర్యాదగానే ఉంది," అన్నాడు. "డబ్బా ఎక్కడుంది డేల్?" అన్నాను. "ఏ డబ్బా?" అన్నాడు. పువ్వు వెనక్కి తీసుకెళ్ళమన్నాను, చలికి చచ్చిపోతుందని.

ఊరివాళ్ళ సంగతి. ఆదివారం కాఫీ దగ్గర నా పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అదే సాయంత్రం చీకటిపడ్డాక ముగ్గురు ఎవరికీ కనబడకుండా వండిన గిన్నెలు గుమ్మంలో పెట్టి పోయారు. గిన్నెల మీద పేర్లు లేవు. వాటిని తిరిగిచ్చేదెలాగ? మార్తా ఇప్పుడు నా కవర్లు తూయడం లేదు, అటు తిరిగి ముద్ర వేస్తోంది. ఆ పదిహేడు మందిలో ఒకడు, ఇప్పుడు మిల్లులో పనిచేస్తున్నాడు, వచ్చి, "మేడమ్, నేనూ చెబుతాను," అన్నాడు. తర్వాతి రోజు వాళ్ళమ్మ వచ్చి, "వాడు చెప్పడు," అంది.

నీ మొదటి వాక్యం బాగానే ఉంది. "ఈ రచయిత అక్క" తీసెయ్. ఆ పొద్దున నేను సెక్రటరీని. నువ్వు రా, నీ టేపు తెచ్చుకో, నీ లాయరు ఆవిరి గదిలో పడుకోవచ్చు. కానీ నా మాట ముందు నీ టేపులోకి వెళ్ళదు.

నవంబరు 9, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలకి జిల్లా కోర్టు రెండో అంతస్తు, నాలుగో గదిలో ప్రాసిక్యూటర్ ముందు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వాలి. నా కారు చలికి స్టార్టు కావడం లేదు. ఆర్వోకి ఎలా తెలిసిందో తెలిసింది. ఎనిమిదింబావుకి ట్రక్కు తీసుకొస్తానన్నాడు.

ఇర్మా